తల్లి మార్కు చెల్లదు

"గోలీకి ఎంత?"

ఆట అయిపోయి, రిఫరీ మైదానం దాటకముందే, టీ కొట్టు కిటికీలోంచి ఎఫీ స్పింక్ వేసే మొదటి ప్రశ్న అది. గోలీ అంటే గోల్‌కీపరు, ఎంత అంటే పదికి ఎన్ని మార్కులని. చేతిలో పెద్ద కెటిల్ ఉంటుంది. దాని ఆవిరికి కళ్ళజోడు మసకేసి ఉంటుంది. ఆ మసకలోంచే మమ్మల్ని వరసగా చూస్తుంది. గెలిచినా అదే ప్రశ్న, ఓడినా అదే ప్రశ్న. మా పోర్ట్ గార్వీ రోవర్స్ ఫుట్‌బాల్ జట్టు విషయంలో రెండోదే ఎక్కువ అనుకోండి, అది వేరే సంగతి.

"ఏడు," అంటుంది లోర్నా. మా ఊళ్ళో సగం తలలు కత్తిరించేది ఆవిడే.

"ఏడా! రెండు!" అని అరుస్తాడు వాటీ మిల్న్. పడవలకి రంగులేసి రిటైరైన మనిషి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. వాటీ దగ్గర ఉన్నవి రెండే అంకెలు, రెండూ తొమ్మిదీ. మధ్యలోవి ఆయనకి బడిలో చెప్పినట్టు లేరు.

"రెండంటే వాడి మొహం మీద చెప్పాలి మరి. పిలవనా?" అంటుంది ఎఫీ.

వాటీ గొంతు వెంటనే తగ్గుతుంది. "అబ్బా, ఇప్పుడెందుకులే. నాలుగు వేసుకో."

"హ్యూయీ, నువ్వు?"

హ్యూయీ అంటే నేను. బేకరీ హ్యూ లమ్స్‌డన్ అంటే ఊళ్ళో ఎవరైనా చెబుతారు. ఎఫీ కొట్లో అమ్మే బ్రైడీలు మావే. పెద్ద కజ్జికాయలో ఖీమా కూరితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది బ్రైడీ. పైన ఒక చిల్లుంటే ఉల్లిపాయ లేనిది, రెండుంటే ఉన్నది. ఈ మాత్రం తెలియకుండా కొనడానికి వచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

"అయిదు," అంటాను నేను. వాడు ఆ కార్నర్ కిక్‌కి గోలు వదిలి బయటికి వచ్చి ఉంటే ఆరు వేసేవాణ్ణే.

అలా గోలీ నుంచి మొదలుపెట్టి చివరి ఫార్వర్డ్ దాకా ఒక్కొక్కణ్ణీ తూకం వేస్తాం. వాన పడుతున్నా అంతే. సముద్రం మీంచి గాలి కొట్టి టీ మీద నురగ ఎగిరిపోతున్నా అంతే. చివరి మాట ఎఫీది. మేం తలా ఒకటి చెబితే వాటిని విని, కాసేపు పెదవి కొరుక్కుని, ఒక అంకె చెబుతుంది. దాని మీద అప్పీలు లేదు.

మా మేనేజరు కూడా తలుపు చాటున నిలబడి ఆ అంకెలు వింటాడని ఊరంతా అంటారు. అనడమేమిటి, నేనే చూశాను.

*

ఎఫీ బడి మానేసిన మర్నాటినుంచే చేపల పొగ యార్డులో పనికి కుదిరింది. హాడాక్ చేపల్ని రెండేసి చొప్పున తోకలు కలిపి తాడుతో కట్టి, కర్రకి వేలాడేసి, కింద దుంగలు రగిలించి పొగబెట్టడం ఆ పని. కట్టు వదులైతే చేప నిప్పుల్లో పడుతుంది. మరీ బిగిస్తే తోక తెగి అప్పుడూ నిప్పుల్లోనే పడుతుంది. ఆ పని మానేసి చాలాకాలమైంది కానీ ఆమె కోటుకి ఆ పొగ వాసన పోలేదు. మార్కులు వెయ్యడంలో ఆ చెయ్యీ పోలేదు.

ఆమె మొగుడు బర్ట్ మా మైదానం చూసుకునేవాడు. గడ్డి కొయ్యడం, సున్నంతో గీతలు గియ్యడం, సముద్రంలోకి పోయిన బంతుల్ని పడవ మీద వెళ్ళి తేవడం, అన్నీ ఆయనే. కొత్తగా పెళ్ళైన రోజుల్లో ఎఫీ ఒక శనివారం ఆయన మర్చిపోయిన చేతి తొడుగులు ఇద్దామని వచ్చి, చలికి ఒక టీ కొనుక్కుని, ఒక్క గుక్క తాగి, మిగతాది గడ్డిలో పారబోసిందట. "దీన్ని టీ అని ఎవడన్నాడు? జరగవయ్యా," అని ఆ కొట్టువాణ్ణి పక్కకి జరిపి కెటిల్ అందుకుంది. ఇంక వదల్లేదు.

ఒక సంగతి చెబితే నమ్మరు. ఇన్నేళ్ళూ రోవర్స్‌ని కంటికి రెప్పలా కాచుకున్న ఈ మనిషి ఒక్క ఆటా పూర్తిగా చూసి ఎరగదు. టీ కొట్టు మైదానానికి ఒక మూల ఉంది. కిటికీలోంచి దగ్గరున్న సగమే కనిపిస్తుంది. మొదటి సగం ఆటలో మావాళ్ళు కాపాడుకునే గోలు ఇటే ఉంటుంది కానీ, అప్పుడామె ఓవెన్లో బ్రైడీలు పెట్టుకుంటూ, కప్పులు సర్దుకుంటూ వంచిన తల ఎత్తదు. విరామం విజిల్ వెయ్యగానే మీదపడే జనం సంగతి ఆమెకి తెలుసు. రెండో సగంలో తీరిగ్గా తలెత్తి చూస్తుంది. అప్పటికి మా డిఫెండర్లందరూ అవతలి గోలు దగ్గర, ఆమె కంటికి అందనంత దూరంలో ఉంటారు. అందుకే మమ్మల్ని అడుగుతుంది. తను చూడనిదానికి ఊరికే అంకె వెయ్యదు. మేం చెప్పింది నమ్ముతుంది. ఈ నమ్మడం దగ్గరే మేమంతా ఒకసారి పప్పులో కాలేశాం.

*

ముందు ఆ మొహం మీద చెప్పే నియమం ఎలా పుట్టిందో చెప్పాలి.

అప్పట్లో సిమ్ అని ఒక గోలీ ఉండేవాడు. పొద్దున ఉత్తరాలు పంచి, మధ్యాహ్నం గోలులో నిలబడేవాడు. మా ఆటగాళ్ళెవరికీ ఆట బతుకు తెరువు కాదు, ఎవరి పని వాళ్ళకుంది. ఒక శనివారం సిమ్ ఏడు గోల్స్ వదిలాడు. టీ కొట్టు ముందు జనం వాడికి సున్నాలూ, సున్నా కంటే తక్కువలూ వేశారు. వాడి తల్లినీ తాతనీ కూడా కలిపి వేశారు. వాడు స్నానం చేసి బయటికొస్తూ అంతా విని, వెనక గేటులోంచి వెళ్ళిపోయాడు. సోమవారం మా వీధికి ఉత్తరాలు రాలేదు. మంగళవారం వేరే మనిషి తెచ్చాడు. సిమ్ వేరే ఊరికి బదిలీ అడిగి వెళ్ళిపోయాడని అప్పుడు తెలిసింది.

ఆ వచ్చే శనివారం ఎఫీ కెటిల్ పక్కన పెట్టి అందరికీ వినబడేలా చెప్పింది. "ఇకనుంచి నాలుగుకి తక్కువ వేసేవాడు ఆ ఆటగాణ్ణి ఇక్కడికి పిలిచి, వాడి కళ్ళల్లోకి చూసి, ఎందుకో చెప్పి మరీ వెయ్యాలి. ధైర్యం లేకపోతే నోరు మూసుకుని నాలుగెయ్యండి. ఇంకో మాట. ఆ రోజు అందరికంటే తక్కువొచ్చినవాడికి ఓవెన్లో ఆఖరి బ్రైడీ నా తరఫున. వాడిక్కడే నిలబడి తింటాడు. వాడు తినేదాకా మీరూ ఇక్కడే నిలబడతారు. తిట్టేది మీరు, పెట్టేది నేను."

మొదట్లో నవ్వారు. కానీ ఒక మనిషికి మూడు వేసి, వాడు మీసాలకి ఖీమా అంటించుకుని మీ ఎదురుగా బ్రైడీ తింటూ ఉంటే, పక్కన నిలబడి చూడండి, తెలుస్తుంది. అయిదు నిమిషాల్లో వాడి మోకాలి సంగతీ, రాత్రి షిఫ్టు సంగతీ, పళ్ళొస్తున్న పిల్ల సంగతీ అన్నీ బయటికొస్తాయి. ఆ తర్వాత మా ఊరినుంచి ఏ ఆటగాడూ వెనక గేటులోంచి పోలేదు. కప్పు గెలవలేదు కానీ ఇది మాత్రం గెలిచాం. నన్నడిగితే ఇదే పెద్దది. అలాంటి నియమం పెట్టిన మనిషికి ఊరి నడిబొడ్డున విగ్రహం పెట్టొచ్చు. పెడితే ఎఫీ దాని మీద ఉతికిన తువాళ్ళు ఆరేస్తుంది, అంతే తేడా.

*

ఇక గ్రెగర్. ఎఫీ, బర్ట్‌లకి ఒక్కడే కొడుకు. చేపల మార్కెట్లో పెట్టెలెత్తే బండి నడుపుతాడు. రోవర్స్‌కి అయిదో నంబరు డిఫెండరు. మంచి వయసులో వాడు గోలు ముందు నిలబడితే గోడ కట్టినట్టే. హెడర్‌కి ఎగిరితే చుట్టుపక్కల ముగ్గురు కిందపడేవాళ్ళు.

వాడు మొదటిసారి జెర్సీ వేసుకున్న రోజునే ఎఫీ చెప్పేసింది. "నా కొడుక్కి మార్కు నేను వెయ్యను. కాకిపిల్ల కాకికి ముద్దు. తల్లి మార్కు చెల్లదు. మీరు వేసిందే వాడి మార్కు." అన్నట్టే ఎప్పుడూ వెయ్యలేదు. గ్రెగర్ వంతు రాగానే కెటిల్ మూత తీసి లోపలికి చూస్తూ నిలబడేది. మేం చెప్పిన అంకె విని, తల ఊపి, ఆరో నంబరు దగ్గరికి పోయేది.

బర్ట్ చనిపోయిన చలికాలంలో మొదలైంది ఆ గొడవ. ఒక పొద్దున్నే గీతలు గియ్యడానికి వెళ్ళి, సున్నం డబ్బా పక్కనే కూలబడిపోయాడు బర్ట్. అంత్యక్రియలైన శనివారం కూడా ఎఫీ కొట్టు తెరిచింది. గ్రెగర్ ఆడాడు. చాలా ఘోరంగా ఆడాడు. ఎవరు మాత్రం ఆడతారు అలాంటప్పుడు? వాడి వంతు వచ్చింది. ఎఫీ కెటిల్లోకి చూస్తోంది. 

"ఆరు," అన్నాడు వాటీ. జీవితంలో మొదటిసారి ఆ మనిషి నోట ఆరు వచ్చింది.

"ఆరు," అంది లోర్నా. నేనూ ఆరే అన్నాను.

ఆ వారం అది తప్పని నేను ఇప్పటికీ అనను. కానీ మరుసటి వారం కూడా ఆరే అన్నాం. ఆ పైవారం కూడా. ఈలోగా గ్రెగర్ మోకాలు పోయింది. పరుగు పోయింది. వాడు తిరిగేలోపు అవతలి ఫార్వర్డ్ గోలు కొట్టేసి సంబరం కూడా చేసుకునేవాడు. అయినా మా ఆరు కదల్లేదు. మొహమాటం అలాంటిది, ఒకసారి పీట వేస్తే లేవదు. ఫిన్లే అని ఒక కుర్రాడు, చక్కగా ఆడేవాడు, అయిదో నంబరు కోసం బెంచీ మీద కూచుని కూచుని అరిగిపోతున్నాడు. మేనేజరేమో తలుపు చాటునుంచి ఆరు విని, ఊరికి వాడే కావాలి కాబోలని గ్రెగర్‌నే దింపుతున్నాడు. ఇలా చలికాలాలు గడిచాయి. ఎఫీకి ఏమీ తెలియదు. తన కొడుకు ప్రతి వారం ఆరుకి తగ్గకుండా ఆడుతున్నాడనే అనుకుంది.

*

అది వసంతంలో ఒక శనివారం. నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాం. జనం తక్కువ. మాతోపాటు కిటికీ దగ్గర అవతలి జట్టు మనిషొకాయన ఆకుపచ్చ మఫ్లర్ చుట్టుకుని టీ కోసం నిలబడ్డాడు. పెద్దమనిషే, మర్యాదగానే ఉన్నాడు.

"గ్రెగర్‌కి ఎంత?" అని ఎఫీ కెటిల్ మూత తీసింది.

"ఆరు."

"ఆరు."

"ఆరు."

ఆకుపచ్చ మఫ్లరాయన నవ్వాడు. "ఎవరికండీ, మీ అయిదో నంబరుకా? భలేవారే! మావాడు గేటు పక్కనుంచి నడిచెళ్ళినట్టు ఆయన పక్కనుంచి వెళ్ళాడు. నేనైతే రెండు కూడా వెయ్యను. పాపం, మోకాలు నొప్పనుకుంటా. ఆయన్ని ఇంకా ఎందుకు ఆడిస్తున్నారండీ?"

 తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం. ఆయన ఒకసారి మా మొహాలు చూసి, ఏదో జరిగిందని గ్రహించి, టీ తీసుకుని మెల్లిగా తప్పుకున్నాడు.

ఎఫీ కెటిల్ మూత పెట్టింది. కళ్ళజోడు తీసి ఏప్రన్‌తో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఆమె అలా తుడవడం నేను అంతకుముందు చూడలేదు.

"వాటీ," అంది. "నీకు ఆరు అనే అంకె ఎప్పుడొచ్చింది?"

వాటీ తన కప్పులోకి చూశాడు.

"అడిగేది నిన్నే. గోలీకి రెండంటావు, రిఫరీకి రెండంటావు, నా టీకి రెండంటావు. నా కొడుక్కే ఆరెందుకొచ్చింది?"

"ఎఫీ అత్తా," అంది లోర్నా, "బర్ట్ మావయ్య పోయినప్పుడు..."

"ఎప్పట్నించి?"

"అప్పట్నించే."

ఎఫీ మొహం ఎర్రబడింది. ఆమె అరుస్తుందనుకున్నాం. అరిస్తే బాగుండేది. "దానం వేశారన్నమాట," అంది నెమ్మదిగా. "నేను ఇన్నాళ్ళూ వాడి ఆరు విని ఇంటికెళ్ళి బర్ట్ ఫొటోకి చెప్పేదాన్ని. మన వాడు ఇవాళ ఆరు అని. మీరేమో నా గిన్నెలో ముష్టేశారు."

కిటికీ తలుపు దించేసింది. ఆ రోజు మిగతా ఆరుగురికీ మార్కుల్లేవు. ఆఖరి బ్రైడీ ఎవరికీ ఇవ్వలేదు.

*

సోమవారం పొద్దున్నే ఎఫీ మా బేకరీకి వచ్చింది. నేను చేతుల పిండి దులుపుకుంటూ, తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను.

"హ్యూయీ, వచ్చే శనివారం కొట్టు లోర్నా చూసుకుంటుంది. దానికి చెప్పేశాను. బ్రైడీలు ఎప్పట్లాగే పంపు."

"నువ్వెక్కడికి వెళ్తున్నావత్తా?"

"ఆటకి."

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. "గ్రెగర్‌కి మార్కేస్తావా?"

"మీరెవరూ చెప్పలేరు కదరా. మీ నోళ్ళు పడిపోయాయి. చూసి చెబుతాను."

"తల్లి మార్కు చెల్లదన్నావు."

"చెల్లదు. కానీ దొంగ మార్కు కంటే నయం." అలమరలోని రొట్టెల్ని వరసగా చూసింది. "ఒరేయ్, నాకు భయంగా ఉందిరా. వాడు నిజంగానే బాగా ఆడితే నేను నమ్మగలనా? బాగా ఆడకపోతే చెప్పగలనా? ఊళ్ళోవాళ్ళ కొడుకులందరికీ రెండూ మూడూ వేయించాను. వాళ్ళ తల్లులందరూ ఊరుకున్నారు. ఇప్పుడు నా కొడుకు దగ్గర నాలుక మడతపెడితే ఆ తల్లుల మొహం ఎలా చూస్తాను?"

 ఆమె చెబితే గ్రెగర్ ఆట అయిపోతుంది. చెప్పకపోతే ఆ కిటికీ దగ్గర ఎవరికి వేసిన మార్కుకీ విలువ ఉండదు. అది ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. ఒక రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చాను. నాకు చేతనైంది అదొక్కటే.

*

శనివారం ఎఫీ పొగ వాసన కోటు వేసుకుని, తలకి గుడ్డ కట్టుకుని, గట్టు మీద సరిగ్గా మధ్య గీతకి ఎదురుగా నిలబడింది. వాటీ, నేను చెరో పక్కనా నిలబడ్డాం.  ఇన్నేళ్ళలో మొదటిసారి మైదానం మొత్తం ఆమె కళ్ళ ముందు ఉంది.

"ఇంత పెద్దదా!" అంది ఒకసారి. అంతే.

గ్రెగర్ తల్లిని చూశాడు. చూసి, ఒక క్షణం ఆగి, తల దించుకుని తన చోటుకి వెళ్ళాడు.

ఆట గురించి ఎక్కువ చెప్పను. వాడు ప్రాణం పెట్టి ఆడాడు. అరిచాడు, తోటివాళ్ళని సర్దాడు, ఒక గోలు తన తలతో ఆపాడు. ఆ ఒక్కసారికి పాత గ్రెగర్‌ని చూశాం, వాటీ చొక్కా గుండీ తెగేలా గంతేశాడు. కానీ మోకాలు మాట వినలేదు. మూడుసార్లు వాడి పక్కనుంచే బంతి పోయింది. మూడోసారి వాడు తిరగబోయి చతికిలబడ్డాడు. అవతలి ఫార్వర్డ్ గోలు కొట్టి వచ్చి, సంబరం చేసుకోకుండా, వాడికి చెయ్యి అందించి లేపాడు. అది చూడటం కష్టంగా ఉంది. ఎఫీ రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని కళ్ళార్పకుండా చూసింది.

ఆట అయిపోయాక కొట్టు దగ్గరికి నడిచాం. ఎఫీ లోపలికి వెళ్ళి ఏప్రన్ కట్టుకుంది. లోర్నా బయటికి వచ్చి మా పక్కన నిలబడింది.

"గోలీకి ఎంత?"

ఎప్పట్లాగే మొదలైంది. ఏడు, అయిదు, ఆరు. వాటీ కూడా నాలుగులూ అయిదులూ వేశాడు, అంత భయపడ్డాడు. గ్రెగర్ వంతు వచ్చింది. ఎఫీ ఈసారి కెటిల్లోకి చూడలేదు.

"వాణ్ణి పిలవండి."

పిలిచే పని లేకపోయింది. గ్రెగర్ అప్పటికే స్నానం చేసి, తడి జుట్టుతో, మోకాలికి ఐసు సంచి కట్టుకుని, గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. కుంటుకుంటూ కిటికీ ముందుకి వచ్చాడు. తల్లీ కొడుకులు ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకున్నారు.

"మూడు," అంది ఎఫీ.

కిటికీ చెక్క మీద రెండు చేతులూ ఆన్చింది.  "ఎందుకంటే, తలతో ఆపిన ఆ బంతి తొమ్మిదికి తగ్గదు. అరిచి అందర్నీ నిలబెట్టావు, దానికి ఏడు. కానీ అయిదో నంబరు పని తిరగడం. నువ్వు తిరగలేకపోతున్నావు నాయనా. నీ వెనక గోలు బోసిగా ఉంటోంది. మూడు."

 గ్రెగర్ పెద్ద శరీరం ఒకసారి కదిలింది. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. చూస్తే నవ్వుతున్నాడు.

"అమ్మా, ఎన్నాళ్ళకే!" అన్నాడు. మా వైపు తిరిగాడు. "దొంగ వెధవల్లారా! ఆరు వేసి వేసి నా బ్రైడీ ఎగ్గొట్టారు కదరా. ప్రతి శనివారం ఆడలేక చచ్చి, ఓడి, ఆ వాసనకి ఇటే చూసేవాణ్ణి. నాకంటే బాగా ఆడినవాడెవడో వచ్చి తిని పోయేవాడు. నాకు మాత్రం ఆరు!"

"మరి నువ్వే మానెయ్యొచ్చు కదరా," అన్నాడు వాటీ.

"ఎలా మానేస్తాను? నాన్న పోయాక అమ్మ ఈ కొట్లో నిలబడేది నాకోసమే కదా అని. నేను ఆడకపోతే శనివారాలు ఏం చేస్తుంది?"

"నీకోసమా!" ఎఫీ కిటికీలోంచి సగం బయటికి వచ్చింది. "నువ్వు పుట్టకముందునుంచీ ఇక్కడున్నానురా సన్నాసీ. నువ్వు కడుపులో ఉన్నప్పుడు కూడా ఇదే కెటిల్ మోశాను. నీకోసమట!" అంటూనే ఆమె కళ్ళు నిండాయి. ఓవెన్ తలుపు తీసి, ఆఖరి బ్రైడీ కాగితంలో పెట్టి చేతికిచ్చింది. రెండు చిల్లులది. వాడికి ఉల్లిపాయంటే ఇష్టం.

వాడు తిన్నాడు. మేం నిలబడ్డాం. అది ఎంత బాగా కాలిందో చెప్పడం నా నోటితో బాగుండదు.

*

ఆగస్టులో కొత్త సీజను మొదలైంది. అయిదో నంబరు ఫిన్లేది. బాగా తిరిగాడు. గెలిచాం కూడా, ఎలాగో.

ఎఫీకి ఆ గట్టు మీద నిలబడటం రుచి మరిగింది. మైదానం మొత్తం చూసినదానికి ఇంక సగం ఆనుతుందా? కొట్టు కొడుక్కి అప్పగించి, మాతోపాటు గట్టెక్కి, రిఫరీని వాటీ కంటే గట్టిగా తిట్టింది. ఆట అయ్యాక కిటికీకి బయట, మా వరసలో నిలబడింది. లోపల గ్రెగర్, అమ్మ ఏప్రన్ పొట్ట మీద బిగుసుకుపోయి, కెటిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"గోలీకి ఎంత?" అన్నాడు. గొంతు ఎక్కడికీ పోలేదు, అచ్చు తల్లిదే.

మార్కులు నడిచాయి. ఫిన్లేకి ఏడు. అందరిలోకీ తక్కువ ఎడమ పక్క కుర్రాడికి, నాలుగు. వాడు బ్రైడీ కోసం చేతులు రుద్దుకుంటూ ముందుకొచ్చాడు.

"ఆగు," అంది ఎఫీ. కప్పులో మిగిలిన టీ చివరి గుక్క తాగి, కప్పు కిటికీ మీద పెట్టింది. "ఇంకొకడు మిగిలాడు. టీ పోసినవాడు."

గ్రెగర్ మొహం మాడింది. "ఎంత?"

"మూడు. మొహం మీదే చెబుతున్నాను. ఆకు ఉడకలేదు. పాలు ముందు పోశావు. కప్పు సరిగ్గా తొలవలేదు."

"ఇదన్యాయం!" అని అరిచాడు వాటీ. "టీకి మార్కెక్కడిది? అయినా తల్లి మార్కు చెల్లదు! నువ్వే పెట్టావు ఆ రూలు!"

"నేనే పెట్టాను, నేనే తీశాను," అంది ఎఫీ. "మూడు కంటే తక్కువ ఇవాళ ఎవడికైనా ఉందా?"

ఎవడికీ లేదు. ఎడమ పక్క కుర్రాడు చేతులు జేబుల్లో పెట్టుకుని వెనక్కి జరిగాడు. ఎఫీ చెయ్యి కిటికీలోంచి లోపలికి పెట్టి, ఓవెన్ తలుపు తెరిచి, ఆఖరి బ్రైడీ తీసి కొడుకు ముందు పెట్టింది.

"ఆటగాడివి కాకపోయినా ఇది నీదే. తిను," అంది. "ఇక్కడే, అందరూ చూస్తుండగా."

గ్రెగర్ తిన్నాడు. తినేదాకా మేమంతా అక్కడే నిలబడ్డాం.